అమ్మానాన్నలతో కలిసి పాత కారు బాగుచేయడం: అపోహలు - వాస్తవాలు

డబ్బు చాలకో, పార్టులు దొరక్కో పాత కార్ల పని సగంలో ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. మేం చూసినంతలో ఎక్కువ బళ్లు ఆగిపోయేది పని వరస తప్పడం వల్లే. అమ్మతోనో నాన్నతోనో కలిసి చేసేటప్పుడు ఈ వరస మరీ ముఖ్యం. ఇద్దరికీ తీరిక కుదిరేది వారంలో ఏ ఒక్క పూటో. ఆ పూట ముగిసేసరికి ఏదో ఒక భాగం బాగై, బిగించి, పనిచేస్తూ కనిపించాలి.

అపోహ: ముందు కారు మొత్తం విప్పేసి, అన్నీ శుభ్రం చేసుకున్నాక తిరిగి బిగించాలి.

వాస్తవం: విప్పడానికి రెండు రోజులు చాలు. నాలుగు నెలలు గడిచాక ఏ బోల్టు ఎక్కడిదో, ఏ వాషరు ఎటువైపుదో ఇద్దరికీ గుర్తుండదు. ఒక భాగం విప్పండి, బాగుచేయండి, బిగించండి, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళ్లండి. ముందు బ్రేకులు, స్టీరింగ్, టైర్లు. తర్వాత ఇంజిన్, పెట్రోలు లైను, వైరింగ్. తర్వాత బాడీ. పెయింటు, సీట్లు ఆఖరికి. సిల్లులు (తలుపుల కింద బాడీకి బలమిచ్చే రేకు పట్టీలు), స్ప్రింగులు బిగించే చోట్లు తుప్పు తినేసి ఉంటే మాత్రం ముందు వాటి సంగతే చూడాలి.

డ్రమ్ము బ్రేకులు (చక్రంతో తిరిగే డ్రమ్ముకు లోపలి నుంచి షూలు ఆని ఆపే రకం) రెండు వైపులా ఒకేసారి విప్పొద్దు. ఒకవైపు పూర్తయ్యేదాకా రెండోవైపు ముట్టుకోకపోతే, ఏ స్ప్రింగు ఏ రంధ్రంలో తగిలించాలో చూసుకోవడానికి అదే నమూనా అవుతుంది. కుడి ఎడమలు తారుమారుగా ఉంటాయని గుర్తుంచుకుంటే చాలు. విప్పిన బోల్టులు ఏ భాగానివి ఆ సంచిలో వేసి పేరు రాయండి. విప్పకముందు ఫోటో తీయండి.

అపోహ: కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే ఇంజిన్ సంగతి తేలిపోతుంది.

వాస్తవం: ఏళ్ల తరబడి కదలని ఇంజిన్‌లో సిలిండర్ గోడల మీది నూనె పొర ఆరిపోయి, పిస్టన్ రింగులు తుప్పుతో అంటుకుని ఉండొచ్చు. అలాగే సెల్ఫ్ కొడితే రింగు విరుగుతుంది, లేదా గోడ మీద గీతలు పడతాయి.

ముందు ప్లగ్గుల చుట్టూ ఉన్న మట్టిని గాలితో ఊదేసి, ఆ తర్వాత ప్లగ్గులు తీయండి. లేకపోతే ఆ మట్టి సిలిండర్లో పడుతుంది. ఒక్కో సిలిండర్లో 10-15 మి.లీ. పల్చటి ఆయిలు పోసి ఒకటి రెండు రోజులు వదిలేయండి. బాగా పట్టేసిన ఇంజిన్‌కు ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలు, అసిటోన్ సగం సగం కలిపి వాడతారు. ఆ రెండూ విడిపోతుంటాయి కాబట్టి పోసే ముందు ప్రతిసారీ కుదపాలి. అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ (ఇంజిన్ కొసన బెల్టును తిప్పే చక్రం) బోల్టుకు పానా వేసి, ఇంజిన్ మామూలుగా తిరిగే వైపుకే చేత్తో తిప్పండి. కదలకపోతే పానాకు పైపు తొడిగి బలం పెంచకండి. మళ్లీ ఆయిలు పోసి ఇంకో రెండు రోజులు ఆగండి. అడ్డులేకుండా రెండు పూర్తి చుట్లు తిరిగాక ఇంజిన్ ఆయిలు, ఫిల్టరు మార్చండి. స్పార్కుకు కరెంటు ఇచ్చే కాయిల్‌కు వచ్చే సన్న వైరు తీసేసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టండి. కొట్టేటప్పుడు ప్లగ్గు రంధ్రాల మీద గుడ్డ కప్పాలి, లోపలి ఆయిలు పైకి చిమ్ముతుంది. ఒక్కోసారి పది సెకన్లకు మించకుండా, మధ్యలో సెల్ఫ్ మోటారు చల్లారనిస్తూ, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా కొట్టి ఆ తర్వాతే ప్లగ్గులు బిగించాలి.

ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలుతో స్టార్ట్ చేయొద్దు. నిలవ పెట్రోలు జిగురుగా మారి గాలి, పెట్రోలు కలిపే కార్బ్యురేటర్‌లోని జెట్లను (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాలను) మూసేస్తుంది. ట్యాంకు ఖాళీ చేసి లోపల టార్చి వేసి చూడండి. అడుగున ఎర్రటి పొడి ఉంటే పెట్రోలు లైనులో కొత్త ఫిల్టరు పెట్టినా అది నాలుగు రోజుల్లో మూసుకుపోతుంది, ట్యాంకునే దించి శుభ్రం చేయాలి. రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చండి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు మెత్తబడి పగులుతుంది, ఆ చుక్కలు వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంటలే. ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఇద్దరిలో ఒకరి చేతిలో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి.

అపోహ: పెడల్ గట్టిగా తగులుతోంది కదా, బ్రేకులు బాగానే ఉన్నట్టు.

వాస్తవం: పాత కార్లలో మనుషుల ప్రాణాల మీదికి తెచ్చేది ఈ నమ్మకమే. బ్రేకు గొట్టం బయటికి నున్నగా కనిపిస్తూ లోపల ఉబ్బి మూసుకుపోవచ్చు. అలాంటప్పుడు తొక్కితే ఆయిలు చక్రానికి వెళ్తుంది కానీ వెనక్కి రాదు. ఆ చక్రం పట్టేసి వేడెక్కుతుంది, బండి ఒక పక్కకి లాగుతుంది. గొట్టాల వయసు తెలియకపోతే అన్నీ మార్చేయండి. చక్రాల దగ్గర బ్రేక్ షూలను తోసే సిలిండర్ల రబ్బరు కప్పు అంచు ఎత్తి చూడండి, లోపల తడి ఉంటే సీలు పోయినట్టే. లోపలి గోడ మీద తుప్పు గుంటలు ఉంటే కొత్త సీలు కూడా నిలవదు, సిలిండరే మార్చాలి.

పాత బ్రేక్ షూలలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. డ్రమ్ము తీశాక ఆ పొడిని నోటితో గానీ గాలి పంపుతో గానీ ఊదొద్దు. తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పడేయండి.

బ్రేకు ఆయిలు లైన్లలోంచి గాలి తీయడం సరిగ్గా ఇద్దరు మనుషుల పని. పెద్దవాళ్లు సీట్లో కూర్చుని చేయగలిగిన పని కూడా. ముందు షూలను డ్రమ్ముకు దగ్గరగా సర్దుకోండి. షూలు దూరంగా ఉంటే పెడల్ లోతుకు దిగుతుంది, దాన్ని గాలి అనుకుని గంటలు వృథా చేసుకుంటారు. మాన్యువల్ వేరే వరస చెప్పకపోతే మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే ఆయిలును చక్రాలకు తోసేది) దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి. చక్రం దగ్గర గాలి వదలడానికి ఉండే చిన్న స్క్రూకు, అంటే నిపుల్‌కు, పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండో కొసను కొంచెం బ్రేక్ ఆయిలు ఉన్న సీసాలో ముంచండి. సీట్లో ఉన్నవాళ్లు మెల్లగా తొక్కి పట్టి "తొక్కాను" అంటారు. కింద ఉన్నవాళ్లు నిపుల్‌ను అర చుట్టు వదులు చేస్తారు. పెడల్ దిగాక నిపుల్ బిగించి "వదలండి" అంటారు. ఆ మాట వినకముందే కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికే వెళ్తుంది. ఐదారు తొక్కులకోసారి మాస్టర్ సిలిండర్ డబ్బాలో ఆయిలు నింపండి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. మామూలుగా నడిపేటప్పుడు మాస్టర్ సిలిండర్ పిస్టన్ చివరిదాకా వెళ్లదు కాబట్టి, ఆ చివరి భాగంలో తుప్పు, మడ్డి పేరుకుంటాయి. గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేలకు ఆనించేస్తే పిస్టన్ సీలు ఆ గరుకు మీద గీసుకుపోతుంది. నిన్నటిదాకా పనిచేసిన మాస్టర్ సిలిండర్ మర్నాడు కారడానికి కారణం ఇదే. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టండి.

డాట్ 3, డాట్ 4 రకం బ్రేక్ ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. సిలికాన్‌తో చేసే డాట్ 5ను వాటితో కలపకూడదు. పెయింటు మీద ఒలికితే వెంటనే నీళ్లు పోసి కడగండి.

అపోహ: నాన్న ఆ కారు ఇరవయ్యేళ్లు నడిపారు, మాన్యువల్ ఎందుకు?

వాస్తవం: ఏళ్లు నడిపిన మనిషికి ఆ బండి మామూలు చప్పుడేదో, తేడా చప్పుడేదో తెలుస్తుంది. చోక్ ఎంత లాగితే స్టార్ట్ అయ్యేదో, రెండో గేరు ఎప్పటినుంచి గీరుకునేదో అడిగి రాసుకోండి, అవి ఏ పుస్తకంలోనూ దొరకవు. కొలతలు మాత్రం పుస్తకంలోంచే తీసుకోవాలి. పాయింట్ల (డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్కు కోసం కరెంటును కలిపి తెంచేవి) గ్యాప్ చాలా పాత కార్లకు 0.35-0.40 మి.మీ. దగ్గర ఉంటుంది, కానీ మీ కారుకు ఎంతో మాన్యువల్‌లో చూసి సన్న సందులు కొలిచే రేకులతో (ఫీలర్ గేజ్) పెట్టండి. హెడ్డు (సిలిండర్ల పైమూత) బోల్టుల బిగింపు ఎంతో, ఏ వరసలో బిగించాలో గుర్తుమీద చేస్తే దాని కింది గ్యాస్కెట్ (సందు మూసే పొర) పోతుంది. పెద్దవాళ్లను పేరుపెట్టి తప్పుపట్టాల్సిన అవసరం రాకుండా, ప్రతి కొలతనూ ఒకరు పైకి చదివి ఇంకొకరు బిగించడం మంచి పద్ధతి.

అపోహ: వయసైన వాళ్లు కుర్చీలో కూర్చుని సలహాలు చెబితే చాలు.

వాస్తవం: బల్ల మీద చేసే పనులు ఈ కార్లలో బోలెడు. కార్బ్యురేటర్, డిస్ట్రిబ్యూటర్, వైపర్ మోటారు, హారన్, మీటర్లు... ఇవన్నీ కూర్చుని, మంచి వెలుతురులో, ఓపికగా చేయాల్సినవి. ఉదాహరణకు కార్బ్యురేటర్. ఫ్లోటును (పెట్రోలు మీద తేలే బోలు ముక్కను) చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల పెట్రోలు చప్పుడైతే అది చిల్లుపడినట్టే. జెట్లను తీగతో పొడవకూడదు, రంధ్రం పెద్దదైపోయి ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది. క్లీనర్‌లో నానబెట్టి గాలితో ఊదాలి. గాలి, పెట్రోలు పాళ్లు సర్దే మిక్స్చర్ స్క్రూను విప్పే ముందు మెల్లగా లోపలికి తిప్పుతూ, ఆగేదాకా ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకుంటే తిరిగి బిగించేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

కారు కిందికి వెళ్లే పని వయసులో చిన్నవాళ్లదే. ఎవరు వెళ్లినా ఒట్టి జాకీ మీద ఉన్న కారు కిందికి మాత్రం వెళ్లొద్దు. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, బండిని ఒకసారి చేత్తో బలంగా ఊపి చూసి, అప్పుడే దూరండి.

అపోహ: తుప్పును గీకి, పుట్టీ పెట్టి పెయింటు వేస్తే సరి.

వాస్తవం: పైపైన ఉన్న తుప్పును గీకి ప్రైమర్ వేస్తే ఆగుతుంది. రేకు చిల్లుపడ్డ చోట పుట్టీ పెడితే వెనక తేమ నిలిచి, పెయింటు బుడగలు లేస్తుంది. పుట్టీ ఎక్కడుందో అయస్కాంతం చెబుతుంది, మందంగా ఉన్న చోట అది అతుక్కోదు. మంచి రేకు తగిలేదాకా కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయాలి. సిల్లు కోసేముందు తలుపు చట్రానికి అడ్డంగా ఇనప బద్ద తాత్కాలికంగా వెల్డ్ చేయండి, లేకపోతే బాడీ వంగి తలుపులు మూసుకోవు. ఒకే గీతగా కాకుండా 20 మి.మీ. చొప్పున దూరదూరంగా వెల్డ్ చేస్తే రేకు వంకర పోదు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, అస్సలు చేయొద్దు. గట్టిపడే ద్రావణం కలిపే రెండు డబ్బాల పెయింటులో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి. బయటి నుంచి శుద్ధమైన గాలి అందించే మాస్కు లేకపోతే ఆ పని వృత్తిదారులకే వదిలేయండి.

అపోహ: సీసం లేని పెట్రోలు పోస్తే పాత ఇంజిన్ పాడైపోతుంది.

వాస్తవం: అన్ని ఇంజిన్లకూ ఆ భయం లేదు. గట్టి వాల్వు సీట్లు (వాల్వులు ఆని మూసుకునే అంచులు) లేని కాస్ట్ ఐరన్ హెడ్డుల్లో, అదీ ఎక్కువ వేగంతో దూరాలు నడిపితే, ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు అరుగుతాయి. అరుగుతుంటే ఎగ్జాస్ట్ టాపెట్ గ్యాప్ (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) తగ్గుతూ వస్తుంది. దాన్ని కొలిచి రాసుకుంటూ ఉండండి. తగ్గకపోతే హెడ్డు విప్పాల్సిన పనిలేదు.

అపోహ: రోడ్డెక్కిందంటే పని పూర్తయినట్టే.

వాస్తవం: మొదటి ప్రయాణం ఇంటికి దగ్గర్లోనే, ఐదారు కిలోమీటర్లే. టైర్ల గీతలు లోతుగా ఉన్నా పదేళ్లు దాటినవైతే ముందే మార్చేసి ఉండాలి. తిరిగొచ్చాక ప్రతి డ్రమ్ము దగ్గరా చెయ్యి పెట్టి, తాకకుండా, వేడి చూడండి. మిగతావాటికంటే ఒకటి ఎక్కువ కాలుతోందంటే ఆ చక్రం పట్టేస్తోంది. 80 కిలోమీటర్ల తర్వాత చక్రాల నట్లు మళ్లీ బిగించండి. పాత మడ్డి కదిలి ఆయిల్లో కలుస్తుంది కాబట్టి 500 కిలోమీటర్లకే ఆయిలు, ఫిల్టరు మరోసారి మార్చండి.