ఆకు తగ్గించిందా, దానంతటదే తగ్గిందా?

పిల్లలూ,

పుదీనా ఆకు నమిలితే కడుపునొప్పి తగ్గుతుందంటారు, నిజమేనా అని అడిగారు. అలా చెప్పేవాళ్లు అబద్ధమాడటం లేదు, వాళ్లకు నొప్పి తగ్గే ఉంటుంది. కానీ చాలా కడుపునొప్పులు, విరేచనాలు ఏ మందూ వేసుకోకపోయినా కొన్ని రోజుల్లో తగ్గిపోతాయి. మరి తగ్గించింది ఆకేనా? అది తేల్చడానికే పరీక్ష.

పుదీనా జాతికే చెందిన పెప్పర్‌మింట్‌నే తీసుకోండి. దాని నూనెలో మెంథాల్ ఉంటుంది. పేగు గోడలోని కండరాల్లోకి కాల్షియం చేరితేనే అవి బిగుసుకుంటాయి. మెంథాల్ ఆ కాల్షియాన్ని అడ్డుకుంటుంది, కండరం సడలుతుంది. వినడానికి బాగుంది కదా! కానీ ఆహారనాళం అడుగున ఉండే కండరం కూడా అలాగే సడలితే కడుపులోని ఆమ్లం పైకి తన్ని గుండెల్లో మంట పుడుతుంది. అందుకే నూనెను కడుపులో కరగని పూత వేసిన క్యాప్సూల్‌లో పెట్టి పేగుల దాకా పంపుతారు.

నెదర్లాండ్స్‌లో ఐబీఎస్ అనే పేగుల సమస్య ఉన్న 190 మందిని చీటీలు తీసినట్టు మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు చిన్నపేగులో నూనె వదిలే క్యాప్సూల్, మరో గుంపుకు ఇంకా కిందికి వెళ్లాక వదిలేది, మూడో గుంపుకు నూనె లేని ఉత్తుత్తి క్యాప్సూల్ 8 వారాలు ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో రోగులకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. 2020లో ఫలితాలు వచ్చాయి. మొదటి గుంపులో వందకు 47 మందికి నొప్పి చెప్పుకోదగ్గంత తగ్గింది. ఉత్తుత్తి క్యాప్సూల్ మింగినవాళ్లలోనూ వందకు 34 మందికి తగ్గింది! ఈ మూడో గుంపే లేకపోతే ఆ 47 మందినీ నూనె ఖాతాలో వేసేసేవాళ్లం. ఆ కాస్త తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చని లెక్కలు చెప్పాయి. నొప్పి తీవ్రతను విడిగా చూస్తే మాత్రం మొదటి గుంపు మెరుగ్గానే ఉంది. నూనె తీసుకున్నవాళ్లలో చిన్నచిన్న ఇబ్బందులూ ఎక్కువే వచ్చాయి.

ఇలాంటి పరీక్షల్లో ఇంకో చిక్కు వాసన. త్రేన్పులో పుదీనా వాసన వస్తే తనకు అందింది అసలు మందేనని రోగికి తెలిసిపోతుంది. ఆ నమ్మకంతోనే నొప్పి తగ్గినట్టు అనిపించవచ్చు. నాకైతే అన్నిటికంటే కష్టమైన పని ఈ గుట్టు కాపాడటమే అనిపిస్తుంది.

మీరు మాత్రం మీ మీద ప్రయోగాలు చేసుకోకండి. ఆకు వేరు, చిక్కటి నూనె వేరు. విరేచనాలైతే ముందు ఓఆర్ఎస్ తాగండి. రక్తం పడినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ప్రేమతో,
మీ తాతయ్య