చర్మం దేనికి అలుగుతుంది?

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వైపు నడిస్తే దుకాణాల ముందు కుంకుమ రాశులు పోసి ఉంటాయి. వాటిలో ఏది పసుపుతో చేసిందో, ఏది రంగు కలిపిన పిండో కంటితో చూసి పోల్చుకోవడం కష్టం. పసుపుకు సున్నం వంటి క్షారం తగిలితే అందులోని కుర్కుమిన్ అనే రంగు పదార్థం ఎర్రబడుతుంది. పాత పద్ధతి కుంకుమకు ఎరుపు అలా వచ్చేదే. చవక రకాల్లో ఆ పని అజో జాతి కృత్రిమ రంగులు చేస్తాయి. నుదుటి మీద మచ్చలతో వచ్చినవారిని మన దేశపు చర్మవైద్యులు పరీక్షించినప్పుడు ఈ రంగులూ, వాసన కోసం కలిపిన పరిమళాలూ పట్టుబడ్డాయి. కొందరి విషయంలో పసుపే దోషిగా తేలింది.

ఈ మచ్చ దొంగలా వస్తుంది. చాలామందికి పెద్దగా దురద ఉండదు. బొట్టు పెట్టుకునే చోట బూడిద కలిసిన నలుపు మెల్లగా పరుచుకుంటుంది. ఎండకు కమిలిందనుకుని దాని మీద మరో క్రీము రాస్తారు, అందులోనూ పరిమళం ఉంటుంది. స్టిక్కరు బొట్టుది ఇందుకు పూర్తిగా ఎదురు కథ. కొన్ని రకాల జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ చర్మానికి రంగునిచ్చే కణాలను దెబ్బతీసి, సరిగ్గా బొట్టు మేరకు తెల్లమచ్చ తెస్తుంది. ఇంట్లోవాళ్లు బొల్లి అని హడలిపోతారు.

చర్మం అలగడంలో రెండు రకాలున్నాయి. వాటిని కలిపేసుకోవడం వల్లే మనం తప్పుడు వస్తువును నిందిస్తుంటాం. మొదటిది ఒట్టి మంట. పీహెచ్ అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత: 7 కన్నా తగ్గితే ఆమ్లం, మించితే క్షారం. ఆరోగ్యమైన చర్మం పీహెచ్ సుమారు 5, మామూలు సబ్బుది 9 నుంచి 10. నురగ కోసం వాడే సోడియం లారిల్ సల్ఫేట్ చర్మపు పైపొరలోని కొవ్వును ఊడ్చేస్తుంది. ప్రయోగాల కోసం చర్మాన్ని కావాలని రేపాలంటే పరిశోధకులు వాడేది కూడా దీన్నే. మోతాదు మించితే ఎవరి చర్మమైనా మండుతుంది, తగ్గిస్తే ఊరుకుంటుంది.

రెండోది అలెర్జీ. ఇక్కడ మోతాదు కన్నా జ్ఞాపకం ముఖ్యం. సుమారు 500 డాల్టన్ల (అణువుల బరువుకు కొలత) లోపు బరువున్న చిన్న అణువులు చర్మంలోకి దూరి, మన ప్రోటీన్లకు అతుక్కుంటాయి. రక్షణ వ్యవస్థ ఆ జంటను శత్రువుగా గుర్తుపెట్టుకోవడానికి రెండు వారాలు పట్టవచ్చు. ఆ తర్వాత ఎప్పుడు తగిలినా ఒకటి రెండు రోజుల్లో దద్దురు. అందుకే ‘పదేళ్లుగా ఇదే వాడుతున్నానండీ, దీనివల్ల కాదు’ అన్న మాటకు వైద్యులు విలువివ్వరు. పదేళ్ల తర్వాత కూడా చర్మం ఒక వస్తువుపై కక్ష కట్టగలదు.

సహజమైనవి కదా అనే ధీమా నాకు బొత్తిగా నచ్చదు. నిమ్మరసం పీహెచ్ 2కు దగ్గర. పైగా నిమ్మజాతి తొక్కల్లోని సోరాలెన్‌లు చర్మం మీద ఉండగా చిత్తూరు ఎండలోకి వెళితే బొబ్బలు లేచి, తర్వాత నల్లచారలు మిగులుతాయి. సుగంధ తైలాలకు వాసననిచ్చే లిమోనీన్, లినలూల్ అనే పదార్థాలు తాజాగా ఉన్నప్పుడు పెద్దగా హాని చేయవు. మూత తీసి గాలి సోకనిస్తే ఆక్సిజన్‌తో కలిసి గట్టి అలెర్జీ కారకాలవుతాయి. నిలవ నూనెల సీసాలు పారేయడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. అసలు గంధపు నూనె కూడా పడనివారున్నారు. తిరుమలలో కల్యాణకట్ట నుంచి బయటికి రాగానే గుండుకు గంధం పూయడం మనకు అలవాటు. కత్తి పైపొరను గీకేసిన చర్మం అది. పరిమళం, రంగు కలిపిన నాసిరకం పొడి అప్పుడే పూస్తే లోపలికి సులువుగా దిగుతుంది. పసిపిల్లల తలలకైతే గంధం చెక్క అరగదీసి పూయడం, లేదా ఆ ఒక్కరోజు మానేయడం మేలు.

జుట్టు రంగు గురించి మరికాస్త చెప్పాలి. గోరింటలోని లాసోన్ అనే పదార్థం ఇచ్చేది ఎరుపు కలిసిన నారింజ రంగే. ‘గోరింట’ అని రాసిన పొట్లం నిమిషాల్లో నలుపు తెస్తోందంటే అందులో పారాఫినైలిన్ డయమిన్ ఉందేమోనని అనుమానించాలి. అలెర్జీ తెచ్చే రసాయనాల్లో పేరుమోసినది ఇది. ఇది ఉన్న రంగుల పెట్టె మీద హెచ్చరిక ముద్రించాలని మన చట్టం చెబుతోంది: ముందు చెవి వెనుకో, ముంజేతి లోపలివైపో కొద్దిగా రాసి 24 గంటలు చూడాలి, కనుబొమలకు వాడకూడదు. పెళ్లికి రెండు గంటల ముందు పెట్టె విప్పేవారు అది చదవరు.

క్రీముల పెట్టె ముందువైపు ఉండే ‘హైపోఅలర్జెనిక్’ (అలెర్జీ తెచ్చే అవకాశం తక్కువ) మాటను నమ్మి కొనకండి. అమెరికాలో ఆ మాటకు ప్రమాణం నిర్ణయిస్తూ 1975లో తెచ్చిన నిబంధనను తర్వాత న్యాయస్థానం కొట్టేసింది. వెనుక సన్నటి అక్షరాల్లో ఉండే జాబితాను ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఒక శాతానికి మించి ఉన్నవి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా ఉంటాయి. ‘ఫ్రాగ్రెన్స్’, ‘పర్‌ఫ్యూమ్’ అన్న ఒక్క మాట వెనుక పదుల కొద్దీ రసాయనాలు దాగి ఉండవచ్చు. సరుకు చెడిపోకుండా కలిపే మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే నిల్వకారిని, రాసుకుని వదిలేసే క్రీముల్లో ఐరోపా సమాఖ్య 2017 నుంచి నిషేధించింది. కడిగేసే షాంపూల్లో పరిమితంగా అనుమతించింది. చర్మం మీద ఎంతసేపు ఉంటుందన్నదే తేడా. కొత్త క్రీము కొంటే మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు చొప్పున వారం పది రోజులు రాసి చూశాకే ముఖానికి వాడండి.

అప్పటికే మచ్చ వచ్చి ఉంటే ఊహలతో పని లేదు. జర్మన్ వైద్యుడు యోసెఫ్ యాడసన్ 1895లో పరిచయం చేసిన ప్యాచ్ పరీక్ష ఇప్పటికీ ప్రమాణం. అనుమానిత పదార్థాలను వీపు మీద చిన్న పట్టీలతో అంటించి 48 గంటలకు తీసి చూస్తారు, మరో ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడవకూడదు, స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పాలి. చేలగట్లమ్మట పెరిగే వయ్యారిభామ కూడా మన దేశపు పరీక్ష పట్టీల్లో ఉంటుంది, ఎందుకంటే ముఖం మీది దద్దురుకు ఒక్కోసారి క్రీముకు బదులు ఆ మొక్కే కారణం. వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు పేర్లు గుర్తుచేసుకుంటూ కూర్చోకుండా, ఇంట్లో వాడే క్రీము, జుట్టు రంగు, కుంకుమ భరిణె, స్టిక్కర్ల అట్ట అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.