టైటానియం డయాక్సైడ్: 2021లో ప్రశ్నే మారింది

టైటానియం డయాక్సైడ్ పొడిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చడం చెల్లదని ఐరోపా యూనియన్ అత్యున్నత న్యాయస్థానం 2025 ఆగస్టు 1న తేల్చింది. దాంతో ‘తిండిలో వేసినా ఫర్వాలేదన్నమాట’ అనే వాదన మళ్లీ మొదలైంది. నిజానికి ఆ కేసు పొడిని పీల్చడం గురించి. తిండి సంగతి అంతకు నాలుగేళ్ల ముందే వేరే చోట తేలింది.

చూయింగ్ గమ్, క్యాండీల పూత, కేకుల ఐసింగ్ తెల్లగా కనిపించడానికి వాడే రంగు ఇది. లేబుల్ మీద ఇ171 అని ఉంటుంది. ఒంటికి పెద్దగా పట్టదు, దాదాపు అంతా బయటికి పోతుంది కాబట్టి భయం లేదన్నది పాత లెక్క. 2016లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ కూడా అటే మొగ్గింది.

మరుసటి ఏడాది ఫ్రాన్స్ పరిశోధకులు ఎలుకలకు 100 రోజులు ఇది ఇచ్చి చూస్తే, కొన్నిటి పెద్దపేగులో క్యాన్సర్‌కు ముందుదశ మార్పులు కనిపించాయి. 2020 నుంచి ఫ్రాన్స్ దీన్ని ఆహారంలో ఆపేసింది. ఎవరిని కదిపినా ఈ ఎలుకల గురించే చెబుతారు. అసలు మలుపు 2021 మేలో వచ్చిందని నా అభిప్రాయం.

ఇ171లో 100 నానోమీటర్ల కంటే చిన్న కణాలు, అంటే నానో కణాలు కూడా ఉంటాయి (నానోమీటర్ అంటే మిల్లీమీటర్‌లో పది లక్షల వంతు), సంఖ్యలో సగం దాకా ఉండొచ్చు. అందుకే ఐరోపా సంస్థ ఈసారి నానో కణాల మీద జరిగిన అధ్యయనాలనూ లెక్కలోకి తీసుకుంది. ఒంటికి పట్టేది కొంచెమే అయినా అది లోపల పేరుకుపోవచ్చని గుర్తించింది. డీఎన్ఏను దెబ్బతీస్తుందన్న అనుమానం తీరలేదు. అలాంటి అనుమానం ఉన్నప్పుడు రోజుకు ఇంతవరకు తినొచ్చని గీత గీయడం కుదరదు. హాని రుజువైందని ఆ సంస్థ అనలేదు, సురక్షితమని మాత్రం ఇక చెప్పలేమంది. 2022 ఆగస్టు నాటికి ఐరోపా యూనియన్‌లో ఆహారంలో దీని వాడకం ఆగిపోయింది.

బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా ఒప్పుకోలేదు. ల్యాబ్‌లో విడగొట్టిన నానో కణాలూ తిండిలోని రంగూ ఒకటి కాదన్నది వాటి వాదన. 2023లో ఆహారంలో కలిపే పదార్థాలను పరిశీలించే అంతర్జాతీయ నిపుణుల కమిటీ కూడా రోజువారీ పరిమితి అక్కర్లేదంది. అమెరికా ఆహారం బరువులో 1 శాతం దాకా అనుమతిస్తోంది.

ఈ వాదనలో శాస్త్రం లేదనను. కానీ ఇది పోషకం కాదు, రుచి ఇవ్వదు, సరుకు పాడవకుండా కాపాడదు. మందు బిళ్లల్లో ఐరోపా దీన్ని ఇంకా ఉంచడానికి కారణం ఉంది: ఒక్కసారిగా తీసేస్తే మందుల కొరత వస్తుందన్న భయం. పిల్లలు తినే క్యాండీ విషయంలో అలాంటి కారణం ఒక్కటీ కనిపించదు.