ఎండకి శ్రుతి తప్పే సింథసైజర్లు

గవర్నర్‌పేటలో ఒక కుర్రాడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తాడు. మొన్న ఒక ప్రశ్న వేశాడు. "మాస్టారూ, పాతకాలపు మూగ్ సింథసైజర్లు వాయించేవాళ్ల వీడియోలు చూస్తుంటాను. పాటకీ పాటకీ మధ్య నాబ్‌లు తిప్పి శ్రుతి చేసుకుంటూనే ఉంటారు. లక్షలు పోసి కొన్న యంత్రం శ్రుతిలో ఎందుకుండదండీ?"

మంచి ప్రశ్న. సింథసైజర్ అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే వాయిద్యం, మూగ్ అంటే అమెరికన్ ఇంజనీరు రాబర్ట్ మూగ్ తయారుచేసిన రకం. మిగతా వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తున్నా. ఈ గొడవంతా ఒక్క ట్రాన్సిస్టర్ దగ్గర ఉంది, అంటే కరెంటుని అదుపు చేసే చిన్న ఎలక్ట్రానిక్ భాగం దగ్గర.

1968లో అమెరికన్ సంగీతకారిణి వెండీ కార్లోస్ జర్మన్ స్వరకర్త బాఖ్ సంగీతాన్ని మూగ్ మీద వాయించి రికార్డు చేసినప్పుడు ఆ యంత్రం ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. ఒక్కో వరుసనీ విడిగా టేపుకెక్కించి పేర్చుకోవాలి. నడుమ శ్రుతి జారిందా, ఆ ముక్క మళ్లీ వాయించాల్సిందే. ఆ రికార్డుకి మూడు గ్రామీలొచ్చాయి. 1977లో మ్యూనిక్‌లో ఇటాలియన్ సంగీత దర్శకుడు జార్జియో మొరోడర్ అమెరికన్ గాయని డోనా సమ్మర్ పాటకి మూగ్‌తో సంగీతం కడుతున్నప్పుడూ అదే తంటా: కాస్త రికార్డు చేయడం, ఆపడం, శ్రుతి చేయడం.

మూగ్‌లో మెట్టు నొక్కితే వోల్టేజీ పుడుతుంది. స్థాయి ఒకటి పెరిగితే 1 వోల్టు పెరుగుతుంది. కానీ స్థాయి పెరిగితే పౌనఃపున్యం, అంటే సెకనుకి కంపనాల సంఖ్య, రెట్టింపవ్వాలి: 110, 220, 440, 880 హెర్ట్జ్. అంటే ఇటు కూడికలు, అటు గుణకారాలు. ఈ రెంటినీ కలిపేదే ట్రాన్సిస్టర్. దాన్ని వన్‌టౌన్‌లో చక్రవడ్డీకి అప్పులిచ్చే షావుకారు అనుకోండి. వోల్టులు గడువు. గడువు ఒక్కో నెలా కలుస్తుంది, బాకీ మాత్రం రెట్లలో పెరుగుతుంది. ట్రాన్సిస్టర్ బేస్ (అదుపు చేసే కాలు) దగ్గర 18 మిల్లీవోల్టులు పెంచితే చాలు, కరెంటు రెట్టింపవుతుంది. ఆ కరెంటే ఆసిలేటర్‌ని, అంటే ధ్వని కంపనాలు పుట్టించే భాగాన్ని, నడుపుతుంది. అందుకే 1 వోల్టుని ముందు 18 మిల్లీవోల్టులకి కుదించి షావుకారుకి అందిస్తారు.

చిక్కేమిటంటే ఈ షావుకారు వేడెక్కితే లెక్క మార్చేస్తాడు, అదీ రెండు రకాలుగా. మొదటిది అసలు, అంటే అప్పిచ్చిన మొత్తాన్ని, మార్చడం. ట్రాన్సిస్టర్ ఒక డిగ్రీ వేడెక్కితే అదే కరెంటుకి కావలసిన వోల్టేజీ సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. 18 మిల్లీవోల్టులకి పన్నెండు స్వరస్థానాలు కదా, అంటే ఒక్కో స్వరస్థానం వాటా 1.5 మిల్లీవోల్టులే. ఒక్క డిగ్రీకే ఒక స్వరస్థానం దాటి పైకి పోతుంది! దీనికి మందు తేలికే. అచ్చం అలాంటిదే ఇంకో ట్రాన్సిస్టర్‌ని పక్కనే అతికించి, రెండింటి తేడానే తీసుకుంటారు. ఇద్దరూ అసలు ఒకేలా మారుస్తారు కాబట్టి ఆ తప్పు కొట్టుకుపోతుంది.

రెండోది వడ్డీ రేటు మార్చడం. జత ట్రాన్సిస్టర్‌తో ఇది పోదు. ఆ 18 మిల్లీవోల్టులనే అంకె పరమ ఉష్ణోగ్రతకి (కెల్విన్లలో కొలిచేది) అనులోమంగా మారుతుంది, డిగ్రీకి 0.33 శాతం చొప్పున. అసలులో తప్పుంటే అన్ని స్వరాలూ ఒకే మేర జరుగుతాయి, ఒక్క నాబ్‌తో సర్దుకోవచ్చు. రేటులో తప్పుంటే గడువు పెరిగేకొద్దీ తప్పు పెరుగుతుంది.

ఇక్కడ మన పాఠ్యపుస్తకాల మీద ఒక మాట. ట్రాన్సిస్టర్ సమీకరణంలో ఉష్ణోగ్రత దగ్గర 300 కెల్విన్ వేసి, 26 మిల్లీవోల్టులని బట్టీ పట్టిస్తారు (దీన్ని 0.693తో గుణిస్తే మన 18 వస్తుంది). 300 కెల్విన్ అంటే 27 డిగ్రీలు, అదే గది ఉష్ణోగ్రతట. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే బెజవాడలో ఆ గది ఎక్కడుందో నాకైతే తెలీదు. ఉష్ణోగ్రతని స్థిరాంకంలా నేర్పితే పిల్లలకి అసలు కథ తెలిసేదెలా?

మన లెక్కే వేద్దాం. 25 డిగ్రీల ఏసీ హాల్లో శ్రుతి చేసిన యంత్రాన్ని 42 డిగ్రీల మైదానంలో పెట్టారు. రేటుని సరిదిద్దే ఏర్పాటేమీ లేదు. 298ని 315తో భాగిస్తే 0.946. అంటే 1200 సెంట్ల (ఒక్కో స్వరస్థానానికి వంద) స్థాయి 1135కి కుంచించుకుపోతుంది. ఆధార షడ్జమాన్ని సరిచేసుకున్నా, నాలుగు స్థాయిల పైన సుమారు 260 సెంట్లు తక్కువ. ఆ షడ్జమం నొక్కితే చతుశ్రుతి ధైవతానికీ కైశికి నిషాదానికీ మధ్య ఎక్కడో పలుకుతుంది. అందుకే వేడికి తగ్గట్టు నిరోధం పెరిగే ప్రత్యేక రెసిస్టర్‌ని ట్రాన్సిస్టర్ జతకి ఆనించి పెడతారు. దాని పెరుగుదలా డిగ్రీకి దాదాపు 0.33 శాతమే. షావుకారు రేటు తగ్గించినంత మేర ఇది గడువు పెంచుతుందన్నమాట. చిప్‌లోనే చిన్న హీటర్ పెట్టి, బయటి వాతావరణం కంటే ఎక్కువ వేడి దగ్గర నిలకడగా ఉంచే పద్ధతీ ఉంది. అది వేడెక్కేదాకా ఆగాలి మరి.

గ్రీకు సంగీతకారుడు వాంజెలిస్ చేతిలో పేరు తెచ్చుకున్న యమహా సీఎస్-80 సింథసైజర్‌లో ఎనిమిది గొంతులు (ఒకేసారి ఎనిమిది స్వరాలు), గొంతుకి రెండు చొప్పున పదహారు ఆసిలేటర్లు. బరువు ఎనభై కిలోల పైనే. పదహారుమంది షావుకార్లు, ఎవరి వేడి వాళ్లది. రెండు ఆసిలేటర్లు 440, 441 హెర్ట్జ్ దగ్గర పలికితే సెకనుకి ఒకసారి ధ్వని ఉబ్బి తగ్గుతుంది. అనలాగ్ యంత్రాల్లో ఆత్మ ఉందని భక్తులు చెప్పేదాంట్లో ఈ విస్పందనాల పాలు చాలా ఉంది. కీబోర్డు స్టాండుకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టేవాళ్లని చూసి నవ్వేవాళ్లే ఈ ఆత్మని మాత్రం నమ్ముతారు!

1978లో వచ్చిన ప్రాఫెట్-5 సింథసైజర్‌లో దాని రూపకర్త డేవ్ స్మిత్ మైక్రోప్రాసెసర్ (చిన్న కంప్యూటర్ చిప్) పెట్టారు. మీట నొక్కితే అదే ఒక్కో ఆసిలేటర్‌నీ కొలిచి, దిద్దుబాటు గుర్తుపెట్టుకుంటుంది. షావుకారు మారలేదు, పక్కన గుమాస్తా వచ్చాడంతే.

మన దేశంలో 1969లోనే అహ్మదాబాద్ జాతీయ డిజైన్ సంస్థలో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్‌ని ఏర్పాటు చేశారు. 1982లో ముంబై సంగీతకారుడు చరణ్‌జీత్ సింగ్ రోలాండ్ కంపెనీ జూపిటర్-8, టీబీ-303 సింథసైజర్లు, టీఆర్-808 డ్రమ్ యంత్రంతో పది రాగాలని డిస్కో లయ మీద వాయించారు. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు లేరు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం నోరు తెరిచింది. రాగానికి శ్రుతి ఎంత ముఖ్యమో మనకి వేరే చెప్పక్కర్లేదు కాబట్టి నాకు ఆ రికార్డంటే గౌరవం ఎక్కువ.

ఇక కుర్రాడికి. ఎప్పుడైనా అలాంటి పాత యంత్రం నీ చేతికొస్తే వాయించడానికి అరగంట ముందే ఆన్ చెయ్యి. ఎండ, కూలర్ గాలి నేరుగా తగలనీయకు. కింది షడ్జమాన్ని నాబ్‌తో సరిచెయ్యి, తర్వాత పైస్థాయిది విను. రెండూ కలిస్తే తప్పు అసలుదే, పోయింది. కింద కలిసి పైన కలవకపోతే రేటు తప్పింది. దానికి లోపలి స్కేల్ స్క్రూ తిప్పాలి, అది మెకానిక్ పని. ఆ రాత్రికి మాత్రం శ్రుతి చేసిన స్వరానికి అటు ఒక స్థాయి, ఇటు ఒక స్థాయి దాటకుండా వాయించుకో.