అమ్మోనియా లీకేజీ హెచ్చరికలు: అపోహలు - వాస్తవాలు

గుంటూరు చుట్టుపక్కల, గదులను చల్లబరచడానికి అమ్మోనియా గ్యాసు వాడే మిర్చి కోల్డ్ స్టోరేజీలకు భద్రతా తనిఖీకి వెళ్లినప్పుడల్లా నాకు వినిపించే మాట ఒకటే: "ఆటోమేటిక్ సిస్టమ్ పెట్టించామండీ, లీకైతే అందరికీ దానంతటదే మెసేజ్ వెళ్లిపోతుంది." ప్రాణాల మీదకు తెచ్చే అపోహ ఇదే.

సెన్సర్ తన చుట్టూ ఉన్న గాలిలో అమ్మోనియా ఎంత ఉన్నదో కొలిచి, పరిమితి దాటగానే మనమిచ్చిన నంబర్లకు సందేశం పంపుతుంది. ఆ నంబర్లు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయో దానికి తెలియదు. ఒకచోట మాక్‌డ్రిల్‌లో సెన్సర్‌కు పరీక్ష గ్యాసు పట్టించగా, మూడు సందేశాలూ వెళ్లినట్లు ప్యానెల్ చూపింది. మొదటి నంబరు ఎప్పుడో పని మానేసిన మేనేజరుది. రెండో సిమ్‌కు రీచార్జి లేదు. మూడో ఫోను గేటు దగ్గర వాచ్‌మన్ జేబులోనే మోగింది. సందేశం ఇంగ్లీషులో ఉండటంతో, బ్యాంకువాళ్లదనుకొని ఆయన ఫోను మళ్లీ జేబులో వేసుకున్నాడు. లోపల హమాలీలు టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తూనే ఉన్నారు. ఆయనను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. ఆ రోజే సందేశాన్ని తెలుగులోకి మార్పించి, అందుకున్నవారు బదులివ్వకపోతే రెండు నిమిషాల్లో మరొకరికి వెళ్లేలా చేయించాను. అయినా ఏ వాల్వు దగ్గర లీకైనదో, గాలి ఎటు వీస్తున్నదో, లోపల ఎందరున్నారో అగ్నిమాపక శాఖ నంబరు 101కు ఫోను చేసి చెప్పవలసింది షిఫ్టు ఆపరేటరే.

పరికరం ఉన్నంత మాత్రాన చాలదు. 2020 మే 7న విశాఖలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు, సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉన్నా ఎవరూ మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది.

"చెప్పడానికి 48 గంటల గడువుందిగా" అనేవారూ ఉన్నారు. ప్రమాదకర రసాయనాలపై 1989లో వచ్చిన నియమాలలోని ఆ గడువు, పెద్ద ప్రమాదాన్ని సంబంధిత అధికారికి నివేదించడానికి ఉద్దేశించినది. పక్క వీధివారిని హెచ్చరించడానికి కాదు. కేసవుతుందన్న భయం నాకు అర్థమవుతుంది గాని, దాచిన లీకేజీకి కేసు తప్పదు.

ఇక వాసన తగలగానే ప్రాణం పోతుందన్న వాట్సాప్ పుకార్లకు జవాబు చెప్పి విసిగిపోయాను. పనిచేసే చోట ఎనిమిది గంటల సగటు పరిమితిగా పాటించే 25 పీపీఎంకు (గాలిలో పది లక్షల భాగాలకు 25 భాగాలు) చేరకముందే చాలామంది ముక్కు అమ్మోనియాను పసిగడుతుంది. వాసన వస్తే ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకొని, గాలివాటున పరుగెత్తకుండా దానికి అడ్డంగా పక్కకు తప్పుకొని, 112కు ఫోను చేయండి. మీకు మెసేజ్ వచ్చేదాకా ఆగకండి.