నానమ్మ మోకాళ్ల మాత్ర భైరవకు వద్దు

హనుమకొండ,
ఆదివారం రాత్రి

చిన్నీకీ, బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

పొద్దున మీరు ఫోను చేసి, "మన కుక్క భైరవ కుంటుతున్నాడు తాతయ్యా, నానమ్మ ఇక్కడ మరిచిపోయిన మోకాళ్ల మాత్ర సగం వేద్దామా?" అని అడిగారు. నేను వద్దని అరిచినంత పని చేశాను. చిన్నీ బెదిరిపోయి ఫోను అమ్మకిచ్చేసింది. కారణం చెప్పకుండా వద్దంటే ఈసారి అడగకుండానే వేసేస్తారు, మీ వయసులో నేనూ అంతే. అందుకే ఈ ఉత్తరం.

ముప్ఫై ఏళ్లు చౌరస్తా దగ్గర మందుల దుకాణంలో నిలబడ్డవాణ్ణి. డాక్టర్ల కోడిగీతలన్నీ చదవగలను. అంతటి నేనే మా పిల్లిని చంపుకున్నాను. దాని పేరు బూరె. ఓ వానాకాలం దాని ఒళ్లు కాలిపోతుంటే, పసిపిల్లలకూ వేసేదే కదా అని సగం పారాసిటమాల్ మాత్ర పాలలో నూరి పట్టించాను. సాయంత్రానికి మూతి ఉబ్బింది, ముందరి పాదాలు ఉబ్బాయి. పెదవి ఎత్తి చూస్తే గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు కాఫీ డికాషన్ రంగుకు తిరిగాయి. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తోంది. సంచిలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాను. అప్పటికే ఆలస్యమైంది.

అక్కడి డాక్టరుగారు తిట్టలేదు, కూర్చోబెట్టి చెప్పారు. ఆ మందును విరిచి బయటికి పంపడానికి మన కాలేయంలో ఉండే ఎంజైము పిల్లికి దాదాపు లేదట. లోపలే మిగిలింది విషమై ఎర్ర రక్తకణాలను పాడుచేస్తుంది, అవి ప్రాణవాయువును మోయలేవు. వెంటనే తీసుకువెళితే విరుగుడు ఉంది. నేను సాయంత్రం దాకా "మందు పనిచేస్తుందిలే" అని చూస్తూ కూర్చున్నాను.

భైరవ కుక్క కదా అంటారేమో. నానమ్మ మాత్రల స్ట్రిప్పు వెనక్కి తిప్పి చూడండి. పారాసిటమాల్‌తో పాటు అసిక్లోఫెనాక్ అని ఉంటుంది. అది కుక్క కడుపులో పుండ్లు పుట్టించి రక్తం కార్పిస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మలం తారులా నల్లగా వచ్చిందంటే లోపల రక్తం పోతున్నట్టే.

ఈ మందు చుట్టాన్ని మన అడవి కూడా ఎరుగును. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద 2013లో పొడవు ముక్కు రాబందులు కనిపిస్తే అంత వింతగా ఎందుకు చెప్పుకున్నారు? నా చిన్నప్పుడు చచ్చిన గొడ్డు దగ్గర అవి గుంపులుగా వాలేవి. తర్వాత పశువుల నొప్పులకు ఆ చుట్టం, డైక్లోఫెనాక్ వచ్చింది. ఆవుకు అది మేలే చేసింది. ఆ ఆవు చచ్చాక కళేబరం తిన్న రాబందుకు మాత్రం మూత్రపిండాలు ఆగిపోయాయి. రాబందులు మాయమైపోవడానికి కారణం ఇదేనని 2004లో తేలింది, 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. అసిక్లోఫెనాక్ కూడా ఆవు ఒంట్లో డైక్లోఫెనాక్‌గానే మారుతుంది కాబట్టి 2023లో దాన్నీ ఆపేశారు.

రేపు వాణ్ణి పశువుల డాక్టరుకు చూపించండి. వెళ్లేముందు బరువు చూడండి, మందు లెక్కంతా కిలోల మీదే ఉంటుంది. నాన్న వాణ్ణెత్తుకుని తూకం ఎక్కితే 88, ఒక్కడే ఎక్కితే 70 అనుకోండి, భైరవ 18 కిలోలు.

మాత్ర మింగించడానికి మెత్తని చపాతీతో మూడు చిన్న ముద్దలు చేయండి. మొదటిది ఉత్తది, రెండోదానిలో మాత్ర. మూడోది కళ్ల ముందు ఆడిస్తూ ఉంటే, దాని మీద ఆశతో రెండోది నమలకుండానే మింగేస్తాడు. పెరుగులో, పాలలో కలిపే ముందు మాత్రం డాక్టరును అడగండి, కొన్ని యాంటీబయాటిక్‌లు పాలతో కలిస్తే ఒంటికి పట్టవు. టానిక్కు అయితే సూది తీసిన సిరంజితో చెంప పక్కనుంచి కొద్దికొద్దిగా పోయాలి. తల వెనక్కి వంచి గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కుక్క మెడ మీద వేసే పేల మందు, గోమార్ల మందు చుక్కల్లో పెర్మెత్రిన్ ఉంటే పక్కింటి పిల్లిని వాడి దగ్గరికి రానివ్వకండి. పిల్లికి వణుకు, మూర్ఛ వస్తాయి. ఇద్దరూ ఒకే గోనెపట్టా మీద పడుకుంటారని నాకు తెలుసు.

ఈ ఉత్తరం ఫొటో తీసి అమ్మ ఫోనుకు ఇప్పుడే పంపుతున్నాను. చిన్నీ ఫోను అంత తొందరగా ఎందుకు వదిలించుకుందా అని సాయంత్రం నుంచి నాకు అనుమానంగానే ఉంది. సగం మాత్ర ఇప్పటికే వేసి ఉంటే, నాకు భయపడి దాచకండి. ఎన్ని గంటలకు వేశారో, ఎంత వేశారో ఈ రాత్రే అమ్మకు చెప్పండి. డాక్టరు మొదట అడిగేది అదే.

మీ తాతయ్య