ఇంజనీరింగ్ బృందాలకు మేనేజర్లు అవసరమా? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ బృందాలను నడిపే పనిలో చాలాకాలంగా ఉన్నాను. కొత్తగా చేరినవాళ్లు కాస్త చనువు పెరగగానే అడిగే ప్రశ్న ఒకటుంది: "కోడ్ రాసేది మేము, పరీక్షించేది మేము, మరి మేనేజర్ ఎందుకండీ?" న్యాయమైన ప్రశ్న. దాని చుట్టూ అల్లుకున్న అపోహలు మాత్రం చాలా ఉన్నాయి.

అపోహ: ఇంజనీర్లు సమర్థులైతే మేనేజర్లు అక్కర్లేదు.

వాస్తవం: గూగుల్ తన తొలినాళ్లలో దీన్ని ఆచరించి చూసింది. దాని వ్యవస్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఇంజనీరింగ్ మేనేజర్ల అంచెనే ఎత్తేశారు. ఆ ఏర్పాటు కొన్ని నెలలే నిలిచింది. ఖర్చుల బిల్లుల నుంచి సహోద్యోగుల తగవుల వరకు అన్నీ నేరుగా పేజ్ దగ్గరికే వచ్చాయి. కొన్నేళ్ల తర్వాత, మేనేజర్ల వల్ల తేడా ఏమీ ఉండదని నిరూపించాలనే ఉద్దేశంతోనే ఆ సంస్థ 'ప్రాజెక్ట్ ఆక్సిజన్' అధ్యయనం మొదలుపెట్టింది. ఫలితం తిరగబడింది. మంచి మేనేజర్ల కింద పనిచేసేవాళ్లు ఎక్కువ సంతృప్తిగా ఉన్నారు, ఉద్యోగం మానేసేవాళ్లు తగ్గారు. మంచి మేనేజర్ లక్షణాలుగా తేలిన ఎనిమిదింటిలో మొదటిది శిక్షకుడిలా తోడుండటం. సాంకేతిక నైపుణ్యం ఎనిమిదోది.

అపోహ: మేనేజర్ లేని చోట అందరూ సమానమే.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. వీడియో గేముల సంస్థ వాల్వ్‌లో పైఅధికారులే ఉండరని 2012లో బయటికొచ్చిన దాని ఉద్యోగుల పుస్తకం చెప్పింది. అక్కడ పనిచేసి బయటికి వచ్చిన జెరీ ఎల్స్‌వర్త్ మాత్రం పైకి కనిపించని అధికార వర్గం ఒకటి లోపల ఉందని 2013లో చెప్పారు. పేరున్న అధికారి మీద ఫిర్యాదు చేయవచ్చు. పేరులేని పెత్తనం మీద ఎవరికి చెప్పుకుంటాం?

అధికారం కంటికి కనబడకుండా పోయినట్లే చాకిరీ కూడా కనబడకుండా పోతుంది. కొత్తవాళ్లకు పని నేర్పడం, మీటింగులో ఏం తేలిందో రాసి పంపడం, మాటామాటా పెరిగిన ఇద్దరిని కూర్చోబెట్టి సర్దిచెప్పడం ఎవరో ఒకరు చేయాల్సిందే. మేనేజర్ లేనప్పుడు ఇవి కాదనలేనివాళ్ల మీద పడతాయి. నేను చూసినంతలో ఎక్కువగా మహిళా ఇంజనీర్ల మీద. తీరా అప్రైజల్ వచ్చేసరికి "కోడ్ తక్కువ రాశావు" అంటారు. ఇది అన్యాయం. ఈ పనులకు ఒక బాధ్యుడిని పెట్టి, వాటినీ పనిగా లెక్కించినప్పుడే ఇది ఆగుతుంది.

అపోహ: లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ లాంటి ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉండే) ప్రాజెక్టులు మేనేజర్లు లేకుండానే నడుస్తున్నాయి.

వాస్తవం: ఏ భాగానికి ఎవరు బాధ్యులో చెప్పే పెద్ద జాబితా లైనక్స్ కెర్నల్ (దాని కేంద్ర భాగం) కోడ్‌లోనే ఉంది. మార్పులు వాళ్లను దాటుకునే లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్‌కు చేరతాయి. హోదా పేరు వేరు, అంతే.

అపోహ: మేనేజర్ కావడమే ఎదుగుదల.

వాస్తవం: మన ఇళ్లలో ఇది బలంగా పాతుకుపోయింది. "పదేళ్లయింది, ఇంకా కోడింగేనా?" అని బంధువులు అడుగుతారు. ఆ ఒత్తిడికి మేనేజర్లయి, మనుషులతో పనిచేయడం ఇష్టంలేక నలిగిపోయినవాళ్లను చూశాను. వాళ్ల బృందాలూ నలిగాయి. ప్రిన్సిపల్ ఇంజనీర్ లాంటి హోదాలో మేనేజర్‌తో సమానమైన జీతంతో కోడ్ రాసుకునే దారి చాలా సంస్థల్లో ఉంది. లేని చోట గట్టిగా అడగాలి.

అపోహ: అయితే ప్రతి బృందానికీ ఒక మేనేజర్ ఉండాల్సిందే.

వాస్తవం: అక్కర్లేదు. ఐదుగురున్న బృందంలో ఇద్దరేసి మాట్లాడుకునే జతలు 10. పన్నెండుగురైతే 66. అంటే మనుషులు పెరిగేకొద్దీ అందరినీ కలుపుకుపోవడం కష్టమవుతుంది, చిన్న బృందంలో అంత కష్టం కాదు. చిన్న బృందం, ఒకే ఉత్పత్తి, ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉంటే అనుభవమున్న టీమ్ లీడ్ చాలు. రోజూ "ఎంతవరకు వచ్చింది?" అని అడిగి ఎక్సెల్ షీటు నింపడమే పనిగా ఉన్న మేనేజర్ అయితే ఏ బృందానికీ వద్దు.

మీ బృందం సంగతి తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. నవంబరులో అమెరికా గడియారాలు వెనక్కి జరిగినప్పుడు, కాలిఫోర్నియా క్లయింటుతో రాత్రి 9:30కి జరిగే కాల్ మనకు 10:30కి మారుతుంది. ఇంట్లో పసిబిడ్డ ఉన్న ఇంజనీరు తరఫున "ఈ వేళ కుదరదు, మార్చండి" అని క్లయింటుకు చెప్పేది ఎవరు? ఆ పేరు మీ బృందంలో అందరికీ తెలిసి ఉంటే, ఆ వ్యక్తి హోదా ఏదైనా ఫరవాలేదు.